కారులోనే పడుకుని క్యాంపింగ్: మంచి చోటు ఎలా వెతుకుతున్నారు?

ఏడుసీట్ల_బండి (హైదరాబాద్)
అందరికీ నమస్తే. మా బండిలో వెనక రెండు వరసలు మడిస్తే నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప సర్దుకుని పడుకునేంత చోటు వస్తుంది. పోయిన నెల వికారాబాద్ వైపు వెళ్లాం. మ్యాప్‌లో ఎవరో పెట్టిన గుర్తు పట్టుకుని వెళ్తే అక్కడ గేటు, గేటుకి తాళం. ఇంకో చోటికి వెళ్లేసరికి చీకటి పడింది. చివరికి రాత్రి పదకొండుకి హైవే పక్కన ఆపాం. తెల్లవార్లూ లారీల మోత, పాపకి నిద్ర లేదు, మాకు టెన్షన్. రిసార్టులు, అద్దె టెంట్లు వద్దు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా మన బండిలో మనం పడుకునే చోట్లు మీరు ఎలా పట్టుకుంటున్నారు?

పెన్నా_గట్టు
మొదటి మాట: సాయంత్రం నాలుగు దాటాక కొత్త చోటు వెతకొద్దండి. వెలుతురులో చూస్తే తప్ప నేల ఎలాంటిదో, పక్కన ఏముందో తెలీదు. ఒకసారి చీకట్లో చల్లగా, శుభ్రంగా ఉందని వేపచెట్టు కింద ఆపాం. తెల్లారి చూస్తే చెట్టు మొదట్లో పసుపు, కుంకుమ, రెండు రాళ్లు. అది ఆ ఊరి పోచమ్మ. మేం చెప్పులతో తిరిగిన చోటే వాళ్లు బోనం పెడతారు. ఎవరూ ఏమీ అనలేదు కానీ నాకు ఇప్పటికీ బాధే.

గండికోట మీకు బాగుంటుంది. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, అడిగి దాని దగ్గర్లో ఆపుకుంటే నీళ్లకీ బాత్రూముకీ ఇబ్బంది ఉండదు. లోయ అంచుకి మాత్రం బండి తీసుకెళ్లకండి. చాలాచోట్ల కంచె లేదు, మీతో చిన్నపిల్ల ఉంది. ఎక్కడ ఆపినా బండి ముందు భాగం బయటికి వెళ్లే దారి వైపు ఉంచండి. సీటు మడిచాక ఒక నీళ్ల సీసా అడ్డంగా పడుకోబెట్టి చూడండి. అది దొర్లుతుంటే రాత్రంతా మీరూ దొర్లుతారు, బండి కాస్త జరపండి.

సోమశిల_దారి
మాది నాగర్‌కర్నూల్ వైపు, వ్యవసాయ కుటుంబం. మీరు అడిగిన ప్రశ్నకి అవతలి వైపు నుంచి జవాబు చెప్తాను.

ఖాళీగా కనిపించే ప్రతి జాగాకీ ఒక మనిషి ఉంటాడు. గట్టు మీద ఎవరైనా కనిపిస్తే దిగి, "అన్నా, ఈ రాత్రికి ఇక్కడ బండి పెట్టుకుంటాం, పొద్దున్నే పోతాం, ఏమన్నా ఇబ్బందా?" అని అడగండి. నూటికి తొంభై మంది కాదనరు. పైగా ఎక్కడ పాములు తిరుగుతాయో, ఏ దారి బురదో వాళ్లే చెప్తారు. ఎవరూ కనిపించకపోతే ఊళ్లోకి పోయి కిరాణం కొట్టు దగ్గర అడగండి. అడగకుండా ఆపితే అర్ధరాత్రి టార్చి లైటుతో వచ్చి లేపుతారు. ఎవరో ఏమిటో తెలియక వాళ్లకీ భయమే కదా.

రెండేళ్ల కింద మా చెలక పక్కన రెండు కార్లు ఆగాయి. పిల్లలు మంచివాళ్లే, గొడవ చేయలేదు. కానీ గట్టు మీద పేర్చి ఉన్న పత్తికట్టె తీసి మంట వేసుకున్నారు. ఎండుపుల్లలే కదా అనుకుని ఉంటారు. అది మా అమ్మ మోపులు కట్టి తెచ్చి పెట్టుకున్న పొయ్యి కట్టె. పొద్దున పోయి చూస్తే బూడిద, అందులో సగం కాలిన చిప్స్ ప్యాకెట్లు, ఒక పగిలిన సీసా. పెద్ద ముక్కలు ఏరాం. కనపడనివి వానాకాలంలో మడిలో తేలాయి. నాట్లు వేసేవాళ్లు చెప్పుల్లేకుండా దిగుతారు. మా చిన్నమ్మ బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి. అందుకే గాజు సీసాలు అసలు తేవద్దని చేతులు జోడించి అడుగుతున్నా.

ఇంకోటి. ఎండాకాలంలో శ్రీశైలం వెనక జలాలు వెనక్కి పోతే సోమశిల దగ్గర మస్తు ఖాళీ నేల తేలుతుంది, అవతల సంగమేశ్వరం గుడి కూడా బయటపడుతుంది. అది చూసి నీటి అంచుకి కారు దింపుతారు. పైన పొడిగా పెళుసుగా ఉంటుంది, కింద బంక. టైరు దిగబడితే ట్రాక్టర్ రావాల్సిందే. జూలై, ఆగస్టుల్లో అయితే అసలే వద్దు. మన దగ్గర చినుకు లేకపోయినా మహారాష్ట్ర, కర్ణాటకల్లో వానలు పడితే జూరాల మీదుగా వరద వస్తుంది, రాత్రికి రాత్రే నీళ్లు ఎక్కుతాయి. ఎప్పుడు వచ్చినా నీటి గీతకి బాగా పైన, గడ్డి, తుమ్మ మొలిచిన గట్టి నేల మీదే ఆపండి.

నల్లమల_ఘాట్
శ్రీశైలం రోడ్డు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. దోర్నాల వైపు కూడా అంతే. లోపల రోడ్డు పక్కన పడుకోవడం కుదరదు, కుదరకూడదు కూడా. అది పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అందులో నిప్పు పెట్టడం నేరం. అడవిలో రాత్రి గడపాలని ఉంటే మన్ననూరులో అటవీ శాఖ కాటేజీలు ఉన్నాయి, బుక్ చేసుకోండి. దయచేసి దారిలో కోతులకి అరటిపళ్లు, బిస్కెట్లు ఇవ్వకండి. వాటి కోసం రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

పాడేరు_పొగమంచు
మా ఏజెన్సీకి డిసెంబరు, జనవరిలో వచ్చేవాళ్లకి రెండు మాటలు. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తు. చలి నిజంగానే వణికిస్తుంది. ఆ చలికి కొందరు బొగ్గుల కుంపటి టెంట్లోకో కార్లోకో తెచ్చుకుంటారు, లేదా ఇంజిన్ ఆన్‌లో ఉంచి హీటర్ వేసుకుని పడుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, దగ్గు రాదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంకో రెండు దుప్పట్లు తెచ్చుకోండి, రెండు వైపులా అద్దాలు అంగుళం దించండి. కుంపటి బయటే ఉండాలి.

వంజంగిలో మేఘాల కోసం వచ్చేవాళ్లు చివరి దారి నడిచే ఎక్కాలి. బండి కింద పెట్టి ఎక్కండి. కింద మీకు అడవిలా కనిపించేది చాలావరకు అడవి కాదు, కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్టుకి పాకించిన తీగ మిరియాల పాదు. ఒకాయన ఆ చెట్టుకి ఊయల కట్టాడు. తాడు బిగించేసరికి కణుపుల దగ్గర పట్టు ఊడి తీగ మొత్తం కిందికి జారింది, పచ్చి మిరియాల గుత్తులతో సహా. ఆయనకి అది మిరియమని కూడా తెలీదు. కాఫీ పళ్లు కోసే రోజులు కూడా ఇవే, తోటల్లో బండ్లు అడ్డం పెడితే పని ఆగిపోతుంది.

ఫీనిక్స్_ఆంధ్రా
నేను అరిజోనాలో ఉంటాను. ఎండాకాలంలో మేం తెలుగు కుటుంబాలం నాలుగైదు కలిసి ఫ్లాగ్‌స్టాఫ్ వైపు కొండల్లోకి వెళ్తాం. అక్కడి నేషనల్ ఫారెస్టుల్లో చాలాచోట్ల ఉచితంగానే ఉండొచ్చు, సాధారణంగా 14 రోజులు మించకూడదు. నీళ్లు, బాత్రూము, చెత్తకుండీ ఏవీ ఉండవు, తెచ్చిందంతా వెనక్కి మోసుకుపోవాలి. వానలు మొదలయ్యే ముందు నెలల్లో మంటల మీద నిషేధం పెడుతుంటారు. వెళ్లే రోజు పొద్దున రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతాం. ఇంటి నుంచి కట్టెలు తీసుకెళ్లం. కట్టెలో దాగిన పురుగు కొత్త అడవికి పాకుతుందని దగ్గర్లోనే కొంటాం. మంట ఆర్పాక నీళ్లు పోసి, కలిపి, బూడిద దగ్గర చెయ్యి పెట్టి చూస్తాం. వేడి తగిలితే మళ్లీ నీళ్లు.

యోసెమిటీలో అయితే రాత్రి కార్లో తిండి ఉంచకూడదు. ఎలుగుబంటి తలుపు చీల్చేస్తుంది. ఆవకాయ జాడీ, పాప పాల డబ్బా, టూత్‌పేస్ట్ కూడా ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయాల్సిందే.

గోదావరి_అక్క
అందరూ అన్నీ చెప్పారు, బాత్రూము సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్లకీ పిల్లలకీ ముందు అదే సమస్య. బండిలో చిన్న గునపం, మూత బిగుతుగా ఉండే డబ్బా ఉంచండి. నీటి నుంచి ఒక డెబ్బై అడుగులు వేసి వెళ్లి, జానెడు లోతు గుంట తీసి, తర్వాత మట్టి కప్పేయండి. తడి వైప్స్, ప్యాడ్లు, డైపర్లు పూడ్చకండి, కుక్కలు తవ్వి లాగుతాయి. అవి డబ్బాలో మీతోనే రావాలి. వాగులో సబ్బుతో గిన్నెలు కడగొద్దు, బక్కెట్లో నీళ్లు పైకి తెచ్చుకుని కడిగి నేల మీద పారబోయండి.

చోటు దొరకని రాత్రి పెద్ద పెట్రోల్ బంకే నయం. డీజిల్ కొట్టించుకుని, మేనేజర్‌ని అడిగి, లైటు కింద ఒక మూలకి ఆపుకుంటాం. లొకేషన్ ఇంటికి పంపిస్తాను. నాకు ఎక్కడైనా మనసు ఒప్పకపోతే కారణం వెతకను, బండి తీసేస్తాం.

పెన్నా_గట్టు
ఒకటి మర్చిపోయాను. వరిగడ్డి, చొప్ప, ఎండుగడ్డి మీద బండి ఆపొద్దు. దూరం నడిచి వచ్చిన బండికి కింద సైలెన్సర్ కాలిపోతుంటుంది. గడ్డి తగిలితే అంటుకుంటుంది.

ఏడుసీట్ల_బండి (హైదరాబాద్)
పోయిన శనివారం సోమశిల వైపు వెళ్లొచ్చాం. మూడున్నరకే చేరాం. గట్టు మీద మేకలు కాస్తున్న ఒక పెద్దాయనని అడిగితే, "అక్కడ వద్దు బిడ్డా, పొద్దుగాల మేకలు నీళ్లకి దిగే తోవ" అని ఇంకాస్త పైన చింతచెట్టు పక్క జాగా చూపించారు. మంట వేయలేదు, చిన్న గ్యాస్ పొయ్యి మీద ఉప్మా చేసుకున్నాం. రాత్రి ఆయన ఒకసారి వచ్చి, బాగున్నారా అని చూసి వెళ్లారు. పొద్దున పాప ఒక సంచి పట్టుకుని మా చెత్తతో పాటు పాత గుట్కా ప్యాకెట్లు కూడా ఏరింది.

ఒక్క ఇబ్బంది. కిటికీ దోమతెరకి పెట్టిన అయస్కాంతాలు మంచుకి తడిసి జారిపోయాయి, దోమలు లోపలికి వచ్చేశాయి. దీనికేం చేస్తున్నారు?

గోదావరి_అక్క
అయస్కాంతాలు తీసేయండి. తెరని దిండు గలీబులా సంచి కుట్టించి, తలుపు తెరిచి పైనుంచి కిందికి తొడిగి, తలుపు మూసేయండి. ఆ తర్వాత అద్దం దించుకోవచ్చు. వెనక తలుపులకి రెండు చాలు.