ఏ పిండాన్ని ముందు ట్రాన్స్‌ఫర్ చేయాలి: ఎంబ్రియాలజిస్ట్ చెప్పిందా, ఏఐ స్కోరు చెప్పిందా?

సూక్ష్మదర్శి

టైమ్‌లాప్స్ ఇంక్యుబేటర్ ఉన్న ఐవీఎఫ్ ల్యాబ్ అనుకోండి. కెమెరా 10 నిమిషాలకోసారి ఫొటో తీస్తుంది. ఐదో రోజుకి ఒక జంటవి నాలుగు బ్లాస్టోసిస్ట్‌లు (లోపల ద్రవం నిండి ఉబ్బిన దశకు చేరిన పిండాలు) తయారయ్యాయి. ఎంబ్రియాలజిస్ట్ గార్డ్‌నర్ పద్ధతిలో గ్రేడ్ వేస్తారు. పిండం ఎంత విప్పారిందో 1 నుంచి 6 దాకా అంకె, లోపలి కణాల ముద్దకు ఒక అక్షరం, బయటి పొర ట్రోఫెక్టోడెర్మ్‌కి ఇంకో అక్షరం. 4ఏఏ, 4బీఏ, ఇలా. అక్షరాల్లో ఏ మేలైనది, సీ తక్కువది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఐదు రోజుల వీడియో అంతా చూసి 1 నుంచి 9.9 లోపు ఒక్క అంకె చెబుతుంది. ముందు గర్భాశయంలోకి పంపాల్సింది (ట్రాన్స్‌ఫర్) ఇదేనని ఇద్దరూ ఒకే పిండాన్ని చూపిస్తే పేచీ లేదు. వేరు వేరుగా చూపిస్తే ఎవరి మాట చెల్లాలి?

స్కోరు మాటే చెల్లాలని నేనంటాను. ఒకే ఫొటో ఇద్దరు ఎంబ్రియాలజిస్ట్‌లకు చూపిస్తే ఒకరు బీ అంటారు, ఇంకొకరు సీ అంటారు. అదే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అనడమూ ఉంది. యంత్రానికి ఆ ఊగిసలాట లేదు. పైగా 2019లో వచ్చిన పెద్ద అధ్యయనంలో నాలుగు దేశాల్లోని ఎనిమిది క్లినిక్‌ల నుంచి తెచ్చిన 10,638 పిండాల వీడియోల మీద ఏయూసీ 0.93 వచ్చింది. ఇంకేం కావాలి?

లెక్కలమాస్టారు

ఆ 0.93 మీదే నా అనుమానమంతా.

ఏయూసీ అంటే ఏమిటి? గర్భం నిలిచిన పిండం ఒకటి, నిలవనిది ఒకటి కళ్లు మూసుకుని తీస్తే, మొదటిదానికే ఎక్కువ స్కోరు వచ్చే అవకాశం. మరి ‘నిలవనివి’ అనే బుట్టలో ఏం వేశారన్నదే అసలు సంగతి. ఆ అధ్యయనంలో ట్రాన్స్‌ఫర్ చేసినా నిలవనివే కాదు, పెరుగుదల ఆగిపోయిందనో బాగా లేదనో ల్యాబే పక్కన పెట్టేసినవీ ఆ బుట్టలోనే ఉన్నాయి. మూడో రోజే ఆరు కణాల దగ్గర ఆగిన పిండాన్ని చూసి ‘ఇది నిలవదు’ అనడానికి ఏఐ ఎందుకు?

ఊరికే లెక్క కోసం 1000 పిండాలు అనుకోండి. 700 పక్కన పెట్టినవి, 300 ట్రాన్స్‌ఫర్ చేసినవి. ఆ 300లో 120 నిలిచాయి, 180 నిలవలేదు. నిలిచినవాటిని పక్కన పెట్టినవాటితో పోల్చినప్పుడు మోడల్ 99 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. ట్రాన్స్‌ఫర్ చేసి నిలవనివాటితో పోల్చినప్పుడు 65 శాతమే. మొత్తం ఏయూసీ (700 × 0.99 + 180 × 0.65) ÷ 880, అంటే 0.92. ఎంబ్రియాలజిస్ట్ తల పట్టుకునేది నాలుగు మంచి బ్లాస్టోసిస్ట్‌ల మధ్య. అక్కడ మోడల్ సత్తా 0.65. నాణెం ఎగరేస్తే 0.5 అని గుర్తుంచుకోండి.

కోడ్‌గూడు

మాస్టారూ, ఇంకోటి చేర్చండి. ఆ 0.65లోనూ కొంత భాగం వయసుదే కావచ్చు. 30 ఏళ్ల ఆమె పిండాలకూ 41 ఏళ్ల ఆమె పిండాలకూ సగటున తేడా ఉంటుంది. ఆ తేడాను మోడల్ బొమ్మల్లోంచి ఏ కొంచెం పసిగట్టినా అందరినీ కలిపి లెక్కించే ఏయూసీ పెరుగుతుంది. ఎంపికకు మాత్రం అది గింజంత పనికిరాదు, ఎందుకంటే పోటీ ఒకే తల్లి పిండాల మధ్య. ఒకే జంట పిండాల లోపల వరుస ఎంత సరిగ్గా ఉందో విడిగా చెప్పమని అడగాలి. అది చెప్పని పేపర్‌ని నేను పక్కన పెట్టేస్తాను.

డేటా విడగొట్టడంలో జరిగే పొరపాట్లూ ఉన్నాయి. ట్రైనింగ్‌కీ టెస్ట్‌కీ పిండాలవారీగా విడగొడితే అక్కచెల్లెళ్లలాంటి పిండాలు అటూ ఇటూ పడతాయి, మోడల్ సమాధానం ముందే చూసినట్టవుతుంది. పేషెంట్‌వారీగా విడగొట్టాలి, ఇంకా నయం క్లినిక్‌వారీగా. ఫొటో మూలన అచ్చయ్యే గంటల అంకె, వెల్ (డిష్‌లో పిండం ఉండే చిన్న గుంట) నంబరు కత్తిరించకపోతే మోడల్ పిండాన్ని వదిలేసి వాటినే చదువుకోవచ్చు. రెండు పిండాలు ట్రాన్స్‌ఫర్ చేసి ఒక్కటే నిలిచిన కేసుల్లో ఏది నిలిచిందో తెలియదు కాబట్టి ఆ లేబుళ్లు తీసేయాలి. ‘రెండింటికీ సగం సగం’ అని వేసేవాళ్లూ ఉన్నారు, దండం పెట్టాలి.

సూక్ష్మదర్శి

సరే, పాత డేటా మీద లెక్కలు వదిలేద్దాం. రాండమైజ్డ్ ట్రయల్ (ఎవరు ఏ వర్గమో చీటీ తీసినట్టు పంచే పరీక్ష) కూడా వచ్చింది కదా. 2024లో నేచర్ మెడిసిన్‌లో ఐడాస్కోర్ అనే పిండాల స్కోరు సాఫ్ట్‌వేర్ ట్రయల్. ఆస్ట్రేలియా, యూరప్‌లలోని 14 క్లినిక్‌లు, 1,066 మంది. అందరూ 42 ఏళ్ల లోపువాళ్లే, ఐదో రోజుకి కనీసం రెండు బ్లాస్టోసిస్ట్‌లు ఉన్నవాళ్లే. స్కోరుతో ఎంచిన వర్గంలో క్లినికల్ ప్రెగ్నెన్సీ 46.5 శాతం, మనుషులు ఎంచిన వర్గంలో 48.2 శాతం. దాదాపు సమానం. పట్టిన సమయం చూడండి, మనిషికి 208 సెకన్లు, యంత్రానికి 21. ఫలితం ఒకటే అయినప్పుడు పదోవంతు సమయంలో అయ్యేది ఎందుకు వద్దు?

రెండోఅభిప్రాయం

‘దాదాపు సమానం’ అని ట్రయల్ అనలేదండీ. ‘తక్కువ కాదు’ అని నిరూపించడానికి వాళ్లు ముందే 5 శాతం హద్దు పెట్టుకున్నారు. తేడా −1.7, విశ్వాస అవధి, అంటే అసలు తేడా ఉండగల పరిధి, −7.7 నుంచి +4.3 దాకా. కింది కొస హద్దు దాటిపోయింది. అంటే నిరూపణ కాలేదు. ప్రసవాల లెక్క చూస్తే 39.8కి ఎదురుగా 43.5, అదీ మనుషుల వైపే.

లెక్కలమాస్టారు

రెండు వైపులా తొందరపడుతున్నారు. వర్గానికి 533 మంది, రేటు 47 శాతం చుట్టూ. ఈ లెక్కన తేడాకు విశ్వాస అవధి అటు 6, ఇటు 6 వస్తుంది, కాగితం మీద వేసి చూసుకోండి. హద్దేమో 5. అంటే రెండు వర్గాలకూ అచ్చంగా ఒకే ఫలితం వచ్చినా కింది కొస −6 దగ్గర ఉండేది, అప్పుడూ ‘నిరూపణ కాలేదు’ అనే రాయాల్సి వచ్చేది. స్కోరు వర్గం కనీసం ఒక శాతం ముందుంటే తప్ప గట్టెక్కని లెక్క అది. నిజంగా సమానమైన రెండు పద్ధతులు సమానమని 5 శాతం హద్దుతో, 80 శాతం పవర్‌తో (అంటే తేల్చగలిగే అవకాశం 80 శాతం ఉండేలా) తేల్చాలంటే వర్గానికి సుమారు 1,550 మంది కావాలి.

ప్రసవాల్లో 3.7 తేడాకీ ఇదే వర్తిస్తుంది. దాని అవధి సున్నాను దాటి అవతలకి వెళ్తుంది. ‘యంత్రం ఓడింది’ అనడానికీ, ‘సమానం’ అనడానికీ ఆ ట్రయల్ ఆధారం కాదు.

పెట్రిడిష్

అంకెల గొడవ మధ్యలో ల్యాబ్ బల్ల మీద జరిగేది ఎవరూ అడగడం లేదు. స్కోరు ఎక్కడ తప్పుతుందో చెబుతాను.

మొదటిది, సున్నా గంట. ఇక్సీలో శుక్రకణాన్ని సూదితో అండంలోకి గుచ్చుతారు, ఆ సమయం తెలుసు. మామూలు ఐవీఎఫ్‌లో అండాల దగ్గర శుక్రకణాలు వేసిన సమయమే తెలుస్తుంది, లోపలికి ఎప్పుడు వెళ్లిందో తెలియదు, గంటల తేడా ఉండొచ్చు. ఒకే సున్నా గంట పెట్టి రెండింటినీ పోలిస్తే ఐవీఎఫ్ పిండాలు ‘నెమ్మది’గా కనిపిస్తాయి. ప్రోన్యూక్లియస్‌లు (ఫలదీకరణ తర్వాత కనిపించే అండం, శుక్రకణాల కేంద్రకాలు) మాయమైన క్షణం నుంచి లెక్కేస్తే ఈ తేడా చాలావరకు పోతుంది.

రెండోది, ఫలదీకరణ పరీక్ష. 16 నుంచి 18 గంటల మధ్య రెండు ప్రోన్యూక్లియస్‌లు ఉన్నాయా అని చూడాలి. మూడు ఉన్న పిండం కూడా చక్కగా బ్లాస్టోసిస్ట్ దాకా పెరగగలదు, ఐదో రోజు చూస్తే ముచ్చటగా ఉంటుంది. స్కోరు చూడకముందే దాన్ని మనిషి చేత్తో తీసేయాలి. మామూలు ఐవీఎఫ్‌లో అండం చుట్టూ ఉండే క్యుములస్ కణాలు అతుక్కుని ఉంటే ప్రోన్యూక్లియస్‌లు కెమెరాకి అసలు కనబడవు.

మూడోది, బొమ్మ నాణ్యత. వెల్‌లో గాలి బుడగ చేరుతుంది, పిండం అంచుకి దొర్లిపోతుంది, ఫోకస్ తప్పుతుంది, మూడో రోజు మీడియం (పిండం పెరిగే పోషక ద్రవం) మార్చడానికి డిష్ బయటికి తీస్తే ఆ కాసేపు ఫొటోలుండవు. ఇన్ని జరిగినా సాఫ్ట్‌వేర్ అదే ధీమాతో 7.4 అంటుంది.

ఇక విప్పారిన బ్లాస్టోసిస్ట్ ఉన్నట్టుండి ముడుచుకుని మళ్లీ ఉబ్బడం మామూలే. సరిగ్గా ఆ సమయంలో మనిషి చూస్తే గ్రేడ్ పడిపోతుంది. ఇక్కడ మాత్రం వీడియో చూసేదే మేలు, ఒప్పుకోవాలి.

కోడ్‌గూడు

పెట్రిడిష్ గారూ, 112వ గంటకి చూసిన పిండాన్నీ 118వ గంటకి చూసిన పిండాన్నీ పక్కపక్కన పెట్టి స్కోర్లు పోల్చడం కూడా అదే కోవలోది. ఆ ఆరు గంటల్లో పిండం బాగా విప్పారుతుంది. వరుస వేసేటప్పుడు అన్నిటికీ ఒకే గంట దగ్గర వీడియో ఆపి స్కోరు తీయాలి.

వేగానికి పట్టం కట్టే మోడల్‌తో ఇంకో చిక్కు. మగ పిండాలు సగటున కొంచెం త్వరగా పెరుగుతాయి. బ్లాస్టోసిస్ట్ దశలో ట్రాన్స్‌ఫర్ చేస్తే పుట్టేవాళ్లలో మగపిల్లల వాటా స్వల్పంగా పెరుగుతుందన్నది ముందునుంచీ తెలిసిందే. స్కోరు దాన్ని ఇంకాస్త వంచుతోందా అని లెక్క తీయకుండా వాడటం నాకు నచ్చదు.

రెండోఅభిప్రాయం

అసలు కెమెరా వల్లే ఏం ఒరిగింది? 2024లో లాన్సెట్‌లో వచ్చిన ట్రయల్‌లో 1,575 మంది. టైమ్‌లాప్స్‌తో ఎంచిన వర్గంలో ప్రసవాలు 33.7 శాతం, అదే ఇంక్యుబేటర్‌లో కదపకుండా పెంచి వీడియో వాడని వర్గంలో 36.6, మామూలు పద్ధతిలో 33.0. చెప్పుకోదగ్గ తేడా లేదు. స్కోరు ఆ వీడియో మీద కట్టిన మేడే కదా.

లెక్కలమాస్టారు

తేడా ఎందుకు రాదో ఆలోచిస్తే ఈ చర్చ సగం తేలిపోతుంది. ఎంపిక పిండాన్ని బాగుచేయదు, వరుస మాత్రమే మారుస్తుంది. ఒక జంటకు మూడు పిండాలు, నిలిచే అవకాశాలు 50, 40, 20 శాతం అనుకోండి. ఒక్కొక్కటిగా, నిలిచేదాకా ట్రాన్స్‌ఫర్ చేస్తారు. ఏ వరుసలో వేసినా మొత్తం మీద నిలిచే అవకాశం 1 − 0.5 × 0.6 × 0.8, అంటే 76 శాతం. వరుసతో మారేది ట్రాన్స్‌ఫర్ల సంఖ్య. మంచిది ముందు వేస్తే సగటున 1.8, తలకిందులుగా వేస్తే 2.28. ఫ్రీజింగ్‌లో పిండాలు పాడవనుకుంటే లాభమంతా ఈ సగం ట్రాన్స్‌ఫర్ లోపలే. తక్కువేం కాదు, ఒక్కో విఫలమైన ట్రాన్స్‌ఫర్ వెనక నెలల నిరీక్షణ ఉంటుంది. కానీ ‘ఏఐ వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుంది’ అనే మాటకు ఇందులో చోటు లేదు.

ప్రమాదం ఎక్కడంటే, స్కోరుకి హద్దు గీసి దాని కిందివాటిని పారేసినప్పుడు. పై లెక్కలో 20 శాతం పిండాన్ని పారేస్తే 76 కాస్తా 70కి దిగుతుంది. క్రోమోజోమ్ పరీక్ష పీజీటీ-ఏ విషయంలో ఇలాంటి పాఠమే వచ్చింది. 2021లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చిన చైనా ట్రయల్‌లో 1,212 మంది. మూడు ట్రాన్స్‌ఫర్ల దాకా కలిపి చూస్తే పరీక్ష చేసిన వర్గంలో ప్రసవాలు 77.2 శాతం, చేయని వర్గంలో 81.8.

సూక్ష్మదర్శి

పారేయడానికి స్కోరు వాడకూడదన్నది ఒప్పుకుంటున్నాను. వరుసకి మాత్రం స్కోరే అన్న మాట మీద ఇంకా ఉన్నాను. తేడా తేలనప్పుడు కేసుకి 187 సెకన్లు మిగలడం కూడా లాభమే. రోజుకి పది కేసులుంటే అరగంట.

పెట్రిడిష్

అరగంట మిగులుతుంది సరే, నేను పైన చెప్పిన తనిఖీలు ఎవరు చేస్తారు? అవి మానేస్తేనే ఆ అరగంట.

కోడ్‌గూడు

వాడదలుచుకుంటే మధ్యేమార్గం ఉంది, పేపర్ మీద మార్గం కాదు, చేయగలిగేదే. ముందు నీడలో నడపాలి. స్కోరు రికార్డు అవుతుంది, ఎవరూ దాని ప్రకారం ఎంచరు. సొంత ల్యాబ్ డేటాలో, ఒంటరి పిండం ట్రాన్స్‌ఫర్లలో, కనీసం 100 నిలిచినవీ 100 నిలవనివీ పోగయ్యేదాకా ఆగాలి. అంతకు తక్కువైతే వచ్చే ఏయూసీ గాలివాటమే. అప్పుడు స్కోర్లను నాలుగు గుంపులు చేసి ఒక్కో గుంపులో నిజంగా ఎంత శాతం నిలిచాయో గీసి చూడాలి. గీత పైకి వెళ్లకుండా చదునుగా ఉంటే ఆ స్కోరు ఆ ల్యాబ్‌కి పనికిరాదు.

సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినా, కల్చర్ మీడియం మారినా, ఆక్సిజన్ 20 నుంచి 5 శాతానికి మార్చినా, కెమెరా మారినా మళ్లీ మొదటికి. కంపెనీ రాత్రికి రాత్రి అప్‌డేట్ చేసే వీల్లేకుండా వెర్షన్‌కి తాళం వేయించుకోవాలి.

రెండోఅభిప్రాయం

ఎంబ్రియాలజిస్ట్ తన గ్రేడ్ రాసి సేవ్ చేశాకే స్కోరు తెర మీదికి రావాలని కూడా రాయండి. 9.1 ముందే కనబడితే 4బీబీ కూడా 4ఏబీలా కనిపిస్తుంది. తర్వాత చూసి ‘ఇద్దరూ ఏకీభవించారు’ అంటారు.

సూక్ష్మదర్శి

అది సబబే. మరి 8.3, 8.1 వచ్చాయి, గ్రేడ్లు తారుమారుగా ఉన్నాయి. అప్పుడు?

పెట్రిడిష్

0.2 తేడాని నేను తేడాగానే లెక్కపెట్టను. ఒకే వీడియోని ఫోకస్ కాస్త మార్చి ఇస్తే స్కోరు ఎంత ఊగుతుందో ముందు కొలవండి, ఆ ఊపు కన్నా చిన్న తేడాలన్నీ సమానమే. అలాంటప్పుడు రెండింటి ట్రోఫెక్టోడెర్మ్ చూస్తాను, కణాలు ఎక్కువగా, ఒత్తుగా అల్లుకున్నది ముందు. అదీ సమానమైతే రెండో కణవిభజన వీడియో వెనక్కి తిప్పి చూస్తాను. రెండు కణాల దశ నుంచి ఐదు గంటల లోపే మూడు కణాలకు దూకిన పిండం వెనక్కి వెళ్తుంది. ఫ్రీజర్‌లోకే, చెత్తబుట్టలోకి కాదు.