కార్తీక వనభోజనం సోచిమిల్కో కాలువల మీద: ఎవరు ఏ పని చూడాలి

సోమవారం రాత్రి, సమన్వయం నుంచి

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సంఘం వనభోజనం పార్కులో వద్దు, మెక్సికో సిటీ దక్షిణాన కాలువలుండే సోచిమిల్కోలో పెట్టుకుందామని ఆదివారం అనుకున్నాం కదా. ఇప్పటికి 44 మంది పేర్లు ఇచ్చారు. పెద్దలు 31, పిల్లలు 13. కెరేతారో నగరం నుంచి వచ్చేవాళ్ళు 9 మంది. రోజు కార్తీకంలో రెండో శనివారం. నవంబర్ కాబట్టి వానల గొడవ దాదాపు ఉండదు, తెల్లవారుజామున చలి మాత్రం గట్టిగా ఉంటుంది.

పనులు పంచే ముందు ఒక మాట చెప్పాలి. రెండేళ్ళ కిందట మనలో కొందరం సోచిమిల్కో వెళ్ళాం. ఆదివారం, మిట్టమధ్యాహ్నం. దారిలోనే ఒకతను కారు ఆపి, "నేను చూపిస్తా రండి" అని ఒక రేవుకు తీసుకెళ్ళాడు. పడవకు గంటకు ఇంత అని తీసుకోవాల్సింది తలకు ఇంత అని లెక్కగట్టి వసూలు చేశాడు. కాలువ నిండా పార్టీ పడవలే. నాలుగు పక్కలా నాలుగు పాటలు. మనం మన డబ్బాలు విప్పి పులిహోర తిని వచ్చేశాం. తిరిగి వస్తుంటే మా అమ్మాయి "అమ్మా, నీళ్ళ మధ్యలో పంటలు ఉంటాయన్నావు, ఎక్కడ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఒక్క మడి కూడా చూడలేదు మేం.

అందుకే ఈసారి దారి చూపేది, వండి పెట్టేది అక్కడి రైతు కుటుంబమే కావాలని నా పట్టుదల. పోయిన శనివారం బాబాయి గారూ నేనూ వెళ్ళి ఒక చినాంపెరో దంపతులతో, అంటే చినాంపా అనే కాలువ మడులు సాగుచేసే రైతులతో, మాట్లాడి వచ్చాం. కుయెమాంకో రేవు నుంచి పడవలో ముప్పావు గంట లోపలికి వెళ్తే వాళ్ళ మడి. వాళ్ళ తాతల నాటి నుంచి సాగులో ఉంది. పడవలు కూడా వాళ్ళ బంధువులవే. మధ్యలో ఏజెంటు ఉండడు.

చినాంపాలంటే నీళ్ళ మీద తేలే తోటలని చాలామంది చెబుతారు. తేలవు. లోతు తక్కువ ఉన్న చెరువులో కాలువ అడుగు బురద, నీటి మొక్కలు పొరలు పొరలుగా వేసి లేపిన మడులు అవి. అంచుల వెంట అవెహోతే అనే చెట్లు నాటుతారు. వాటి వేళ్ళు గట్టు జారిపోకుండా పట్టి ఉంచుతాయి. స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ ఈ సేద్యం ఉంది. 1987లో మెక్సికో సిటీ పాత నగరంతో పాటు సోచిమిల్కోను కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ రైతు మాకు నారు పోయడం చూపించాడు. కాలువ బురదను గట్టు మీద పలచగా పరిచి, కాస్త ఆరాక కత్తితో చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కో చదరంలో ఒక్కో గింజ పెడతాడు. మొలక వచ్చాక ఆ చదరాన్ని అలాగే తీసి మడిలో నాటడమే, వేరు కదలదు. మా నాన్న వరి నారుమడి దగ్గర ఎలా వంగి చూసేవాడో బాబాయి గారు అలాగే వంగి చాలాసేపు చూశారు. పిల్లలందరితో తలా ఒక గింజ పెట్టిస్తానని ఆ రైతు మాటిచ్చాడు.

డబ్బు: పెద్దలకు 500 పెసోలు, పిల్లలకు 250. మూడు పడవలకు నాలుగు గంటలు, మడి దగ్గర పొద్దుటి భోజనం, తర్వాత సంతలో రుచులు, అన్నీ అందులోనే. వ్యాన్ల ఖర్చు మన సంఘం నిధి నుంచి. భోజనం డబ్బు ఆ రైతు ఇల్లాలి చేతికే ఇస్తాం. బేరం ఆడొద్దని నా మనవి. ఆవిడ చెప్పిన ధర న్యాయంగానే ఉంది.

మంగళవారం, భోజనాలు చూస్తున్న పిన్ని నుంచి

అమ్మాయీ, ఆలోచన బాగుంది. కానీ కార్తీకమాసం. సగం మంది మాంసం ముట్టరు, ఆరుగురు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. అక్కడివాళ్ళు శాకాహారమని చెప్పి పంది కొవ్వుతో వండితే మనకెలా తెలుస్తుంది? నేనూ ఇంకో ఇద్దరం కలిసి పులిహోర, దద్దోజనం, గారెలు చేసి తెచ్చేస్తాం. నిశ్చింతగా ఉంటుంది.

మంగళవారం రాత్రి, సమన్వయం నుంచి

పిన్నీ, మీ భయం నిజమే, నేను కూడా మొదటి ఏడాది ఇక్కడ బీన్స్ తిని తర్వాత తెలుసుకుని బాధపడ్డాను. వేయించిన బీన్స్‌లో, తమాలే అనే మొక్కజొన్న వంటకం పిండిలో మాంతెకా, అంటే పంది కొవ్వు, చాలా మామూలు. అన్నం కూడా కోడి ఉడికించిన నీళ్ళతో వండుతారు. వాళ్ళ లెక్కలో ముక్క లేకపోతే అది మాంసం కాదు. అందుకే "శాకాహారమా?" అని అడిగితే చాలదు. "యేవా మాంతెకా? యేవా కాల్దో దె పోయో?" అని, అంటే పంది కొవ్వు ఉందా, కోడి నీళ్ళు ఉన్నాయా అని, రెండూ విడివిడిగా అడగాలి. ఈ రెండు మాటలు అందరూ నేర్చుకుని రండి.

ఆ ఇల్లాలితో గంటసేపు కూర్చుని మాట్లాడాను. ఆవిడ చేసేవి ఇవి: నీలం మొక్కజొన్న పిండితో త్లకోయోలు. కోలగా వత్తి, మధ్యలో ఉడికించిన చిక్కుడు ముద్ద పెట్టి పెనం మీద నూనె లేకుండా కాలుస్తారు. పైన నోపాల్ కూర, అంటే ముళ్ళు తీసిన నాగజెముడు మట్టలు. గుమ్మడి పువ్వు కూర. వెర్దొలాగాస్ కూర. పిన్నీ, అది మన గంగవాయిలి కూరే! మడి అంచున పెరుగుతుంటే నేను తుంచి నోట్లో వేసుకుని చూశాను, అదే పులుపు. మొక్కజొన్నలను ముందు రోజు సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. కొవ్వు అస్సలు వాడనని, మనకోసం పెనం విడిగా పెడతానని ఆవిడే చెప్పింది. ఆరుగురికి ఉల్లి, వెల్లుల్లి లేకుండా మొదటి వాయి తీస్తుంది. టమాటా, మిరపకాయలు కాల్చి రాతి రోట్లో నూరే పచ్చడి కూడా వాళ్ళకోసం ఉల్లి, వెల్లుల్లి లేకుండా విడిగా చేస్తానంది. ఆ రోలు చూస్తే మీకు మీ అమ్మమ్మ గారి ఇల్లు గుర్తొస్తుంది.

తాగడానికి ఆగ్వా దె హమైకా. ఇది ఎర్ర గోంగూర మొక్క నుంచే వస్తుంది. మనం ఆకు తింటాం, వీళ్ళు పువ్వు రాలాక మిగిలే ఎర్రటి పుల్లటి తొడుగును ఎండబెట్టి నీళ్ళలో మరిగిస్తారు. ఆకును కూర చేసుకుంటామని చెబితే ఆవిడ ఆశ్చర్యపోయి, వండి చూపించమని అడిగింది.

నా ప్రతిపాదన ఇదీ. మనం వంటంతా మోసుకెళ్తే ఆవిడకు పనీ ఉండదు, డబ్బూ ఉండదు, మనకు సోచిమిల్కో మళ్ళీ ఒక పార్కే అవుతుంది. మీరు ఒక్కటే తీసుకురండి: గోంగూర పచ్చడి. ఒక పెద్ద సీసా. ఆవిడ త్లకోయో మీద అది వేసి అందరం తిందాం. మిరప ఈ నేల నుంచే సముద్రం దాటి మన దగ్గరికి వచ్చింది, మన పచ్చడై తిరిగి ఇక్కడికి వస్తుంది. మీ చేతి పచ్చడి ఆవిడ తినాలని నాకు చాలా కోరికగా ఉంది.

బుధవారం, పిన్ని నుంచి

సరే తల్లీ, ఒప్పుకున్నాను. రెండు సీసాలు. ఒకటి ఉల్లి, వెల్లుల్లి లేకుండా. చిన్న పిల్లలకు పెరుగన్నం మాత్రం తెస్తాను, దానికి అడ్డు చెప్పకు.

బుధవారం రాత్రి, సమన్వయం నుంచి

పెరుగన్నానికి అడ్డు లేదు పిన్నీ.

ఇప్పుడు దీపాల సంగతి. ముగ్గురు అక్కలు అడిగారు, అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదలొచ్చా అని. నేను ఆ రైతు దంపతులను అడిగాను. ఆవిడ వద్దనలేదు. "తర్వాత నీళ్ళలో ఏం మిగులుతుంది?" అని మాత్రం అడిగింది. నూనె, వత్తులు మిగులుతాయి. ఆ కాలువల పరిస్థితి ముందే బాగాలేదు. ఒకప్పుడు ఊట నీళ్ళతో నిండే కాలువలివి. ఆ ఊటలను నగరం తాగునీటికి మళ్ళించాక ఇప్పుడు ఎక్కువగా శుద్ధి చేసిన మురుగునీటినే వదులుతున్నారు. సహజంగా ఇక్కడ మాత్రమే బతికే అహోలోతే అనే ఉభయచర జీవి దాదాపు అంతరించిపోయే స్థితిలో ఉంది. 1998లో చదరపు కిలోమీటరుకు 6,000 దాకా ఉన్నవి 2014 లెక్కలో 36కి పడిపోయాయి. నీటి కాలుష్యం ఒక కారణమైతే, చేపల పెంపకానికని తెచ్చి వదిలిన కార్పు, తిలాపియా దాని గుడ్లూ పిల్లలూ తినేయడం ఇంకో కారణం. 50 పెసోల నోటు మీద ఉన్న బొమ్మ దానిదే, పిల్లలకు చూపించండి.

కాబట్టి నీళ్ళలో వదలొద్దు. మడి గట్టు మీద, అవెహోతే చెట్ల కింద వరుసగా మట్టి ప్రమిదల్లో పెడదాం, కొండెక్కాక తీసుకొచ్చేద్దాం. ఉసిరి చెట్టు లేదు, ఈ చెట్టే మనకు ఉసిరి. ఆవిడ ఇంకో మాట చెప్పింది. ఈ నెల మొదట్లోనే చనిపోయిన పెద్దల కోసం వాళ్ళూ దీపాలు వెలిగించారట. ఆ పండుగకు పండించిన సెంపసూచిల్ పూలు, అంటే మన బంతిపూలే, ఇంకా కొన్ని మడిలో ఉన్నాయి, మన దీపాల చుట్టూ పెడతానంది. బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికోనే అని నాకు ఇక్కడికొచ్చేదాకా తెలియదు. గుమ్మానికి బంతిపూల దండ కట్టిన ప్రతిసారీ ఇప్పుడు అదే గుర్తొస్తుంది.

దీపాలు తెల్లవారేలోపు పెట్టాలంటే తొలి పడవ 5:45కే కదలాలి. దీంతో రవాణా లెక్క మారుతుంది. తమ్ముడూ, చూడగలవా?

గురువారం, రవాణా చూస్తున్న తమ్ముడి నుంచి

అక్కా, శనివారం మెట్రో 6 గంటలకు గాని మొదలవదు, కాబట్టి వెళ్ళేటప్పుడు మెట్రో కుదరదు. ఇరవై సీట్ల వ్యాన్లు రెండు మాట్లాడాను, మిగతా నలుగురు నా కారులో. ఉదయం 4:45కి బయలుదేరాలి. కెరేతారో వాళ్ళు శుక్రవారం రాత్రికే వచ్చేయాలి. నార్తె బస్టాండులో దిగి మెట్రోలో ఐదో లైను ఎక్కి లా రాసా, అక్కడ మూడో లైను మారి ఇదాల్గో, అక్కడి నుంచి రెండో లైను. మా ఇంట్లో నలుగురికి, బాబాయి గారింట్లో ఐదుగురికి పడకలు సిద్ధం. వచ్చేటప్పుడు సోచిమిల్కో ఊళ్ళోంచి లైట్ రైలు తాస్కెన్యా దాకా ఉంది, టికెట్టు 3 పెసోలే. అక్కడి నుంచి మెట్రో 5 పెసోలు. కార్డులో డబ్బు వేసుకుని రండి.

ఒక సందేహం. నతివితాస్ రేవు పేరు అందరికీ తెలుసు, అక్కడ పడవలు కూడా ఎక్కువ. కుయెమాంకో ఎందుకు?

గురువారం రాత్రి, సమన్వయం నుంచి

మంచి ప్రశ్న తమ్ముడూ. నతివితాస్ వైపు సంగీతం, బీరు, వేడుక ఎక్కువ. అది కోరుకునేవాళ్ళకు అదే బాగుంటుంది. కుయెమాంకో వైపు సాగులో ఉన్న మడులు, కొంగలు, పొద్దుటి మంచు ఉంటాయి. మనకు కావలసింది అది.

పిల్లల భద్రత చూస్తున్న ఇద్దరికీ: లైఫ్ జాకెట్ లేకుండా ఏ పిల్లా పడవ ఎక్కకూడదు. సైజులు ముందే రాసివ్వండి, రైతు తెప్పిస్తానన్నాడు. ఒక పడవ నుంచి ఇంకో పడవలోకి మారడం పెద్దలకు కూడా లేదు. 2019లో ఒక యువకుడు అలా మారుతూ నీళ్ళలో పడి చనిపోయాడు, ఆ తర్వాతే ఇక్కడ నియమాలు కఠినం చేశారు. పక్క పడవలో అన్నయ్య ఉన్నాడు, చిన్నాన్న ఉన్నాడు అని ఎవరూ కాలు చాపొద్దు. నీళ్ళలో చెయ్యి పెట్టనివ్వకండి, గింజ నాటాక సబ్బుతో కడిగించండి. మూత్రశాల రేవు దగ్గర డబ్బిచ్చి వాడుకోవాలి, చిల్లర ఉంచుకోండి.

ప్రతి పడవలో పొడవాటి గెడతో నడిపే రెమేరో ఒకరు ఉంటారు. నాలుగు గంటలు నిలబడే పని. ఆయనకూ మనతో పాటే భోజనం, చివర్లో విడిగా బహుమానం. ఇది మర్చిపోవద్దని పడవకు ఒకరి పేరు రాసుకున్నాను.

10 గంటలకల్లా రేవుకు తిరిగి వచ్చి, వ్యాన్లలో ఊళ్ళోకి. సంతలో పదకొండుకు మొదలుపెడదాం. నాలుగు గుంపులుగా విడిపోవాలి, 44 మంది ఒక్క కొట్టు ముందు నిలబడితే ఆ అమ్మ మామూలు గిరాకీ పోతుంది. నిమ్మకాయ, కారం చల్లిన ఎలోతే, అంటే మొక్కజొన్న కంకి, వాసొంత్లే అనే కూర మొక్క కాడలు, చివర్లో అలెగ్రియా. అలెగ్రియా తోటకూర జాతి గింజలను పేలాలు చేసి పాకంలో పట్టిన ఉండలు, బిళ్ళలు. సోచిమిల్కో పరిధిలోని తుల్యెవాల్కో ఊరు దీనికి ప్రసిద్ధి. ఇంటికి కొనుక్కెళ్ళాలంటే ఇవే కొనండి, పాడవవు. వీత్లకోచే అని నల్లటి కూర కనిపిస్తుంది, అది మొక్కజొన్న కంకికి పట్టే బూజు. తినాలా వద్దా అనేది మీ ఇష్టం, నాకైతే పుట్టగొడుగుల రుచి తగిలింది. పచ్చి ఆకులు మాత్రం, ఇక్కడి ఇళ్ళల్లో చేసినట్టు క్రిమిసంహారక చుక్కల నీళ్ళలో నానబెట్టినవని తెలిస్తేనే తినండి. సంత పక్కనే సాన్ బెర్నార్దినో చర్చి ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళు టోపీలు తీసి, గొంతు తగ్గించి వెళ్ళండి. దారిలో బాల యేసు ఊరేగింపు ఎదురైతే పక్కకు తప్పుకుని నిలబడదాం. మన ఊరేగింపులో ఎలా నిలబడతామో అలాగే.

ఇంకా మిగిలిన పనులు: ప్రమిదలు 44, వత్తులు, నువ్వుల నూనె ఎవరు తెస్తారు? స్టీలు గ్లాసులు ఇంటికి ఎన్ని వస్తాయి? ప్లాస్టిక్ గ్లాసులు వద్దు. స్పానిష్ బాగా వచ్చినవాళ్ళు గుంపుకు ఒకరు కావాలి, ఇప్పటికి ముగ్గురే ఉన్నారు. శనివారం రాత్రిలోగా చెప్పండి, ఆదివారం పొద్దున్న ఆ ఇల్లాలికి ఫోన్ చేసి ఎన్ని కిలోల మొక్కజొన్న నానబెట్టాలో చెప్పాలి.

శుక్రవారం, బాబాయి గారి నుంచి

ప్రమిదలు, నూనె నా బాధ్యత. నాలుగో గుంపుకు నేను ఉంటాను. ఆ రైతు పోయినసారి మన వైపు బెండ విత్తనాలు ఉంటే తెమ్మన్నాడు, గుర్తుందా అమ్మా? పోయిన వేసవిలో మా మేడ మీద కుండీల్లో కాసినవి దాచి ఉంచాను. కాగితంలో కట్టి తెస్తున్నాను.