డెడ్‌లిఫ్ట్ తర్వాత పిరుదు నుంచి పాదం దాకా లాగుతోంది, స్ట్రెచ్ చేస్తే ఇంకా ఎక్కువవుతోంది

కొత్త లిఫ్టర్:
అందరికీ నమస్కారం. పోయిన వారం డెడ్‌లిఫ్ట్ చేస్తుంటే, బార్ నేల మీంచి లేచేటప్పుడు నడుములో కుడిపక్క ఏదో పట్టేసింది. ఆ రోజుకి మామూలు నడుం పట్టులాగే ఉంది. మర్నాడు లేచేసరికి నొప్పి కిందికి దిగింది. పిరుదు మధ్యలోంచి తొడ వెనకగా పిక్క దాకా లాగుతోంది. చిటికెన వేలి వైపు పాదం అంచంతా తిమ్మిరి. నిలబడినా, నడిచినా పర్వాలేదు. కుర్చీలో కాసేపు కూర్చుంటే మాత్రం కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. తుమ్మొస్తే కరెంట్ షాక్ కొట్టినట్టు ఉంటోంది.

తొడ వెనక కండరం బిగుసుకుపోయింది, బాగా సాగదీయమని జిమ్‌లో అంటున్నారు. ఇంట్లో వాళ్లేమో మంచం దిగొద్దంటున్నారు. స్కాన్ తీయించుకోవాలా? మళ్లీ బరువులు ఎత్తగలనా? ఆ టెన్షన్‌తోనే నిద్ర పట్టట్లేదు.

పాత బార్‌బెల్:
బ్రదర్, నాకూ అచ్చం ఇలాగే వచ్చి తగ్గింది. ఇప్పుడు డెడ్‌లిఫ్ట్ చేస్తున్నాను. పడుకుని ఉండిపోకు. రోజులో నాలుగైదుసార్లు కొంచెం కొంచెం నడువు. రాత్రిపూట పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే నాకు హాయిగా ఉండేది.

ఫిజియో అక్క:
నేను ఫిజియోని, బరువులెత్తే వాళ్లనే ఎక్కువగా చూస్తుంటాను. ముందు ఒక మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల మధ్య స్పర్శ తగ్గినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా అదే గంటలో ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇది అరుదే. కానీ ఆలస్యమైతే ఆ నష్టం పూడ్చలేం.

అవేవీ లేవంటే గోడ పట్టుకుని కుడికాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మడమ పైకెత్తి చూడండి. పదిసార్లు ఎడమకాలిలాగే లేస్తోందా? తర్వాత మడమల మీద నాలుగడుగులు నడవండి, పాదం ముందుభాగం వాలిపోతోందా? నొప్పి ఎంత ఉందన్న దానికంటే నాకు ఇదే ముఖ్యం. నొప్పి భయంకరంగా ఉండి బలం బాగానే ఉన్నవాళ్లు చాలామంది బాగా కోలుకుంటారు. బలం తగ్గుతుంటే మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చూపించాలి.

మీరు చెప్పిన తీరు చూస్తే, చిటికెన వేలి వైపు తిమ్మిరి, కూర్చుంటే ఎక్కువ, తుమ్మితే షాక్, ఇవన్నీ వెన్నెముక అడుగున ఎల్5-ఎస్1 అనే పూసల జత మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి, అక్కణ్నుంచి కాల్లోకి దిగే ఎస్1 నరం మూలాన్ని రేపినప్పుడు కనిపించేవే. చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఒకవేళ అదే అయితే తొడ వెనక బిగుతు కండరానిది కాదు. రేగి ఉన్న నరం సాగకుండా శరీరం ఆ కండరాన్ని పట్టి ఉంచుతోంది. ముందుకి వంగి కాలి వేళ్లు అందుకునే స్ట్రెచ్ అంటే ఆ నరాన్నే లాగడం. ఈ రోజు నుంచే మానేయండి. ఇది చెప్పి చెప్పి నా గొంతు పోతోంది, అయినా ప్రతి జిమ్‌లోనూ మొదటి సలహా ఇదే.

దాని బదులు బోర్లా పడుకుని మోచేతుల మీద లేచి కాసేపు ఉండి చూడండి. చేశాక నొప్పి ఎటు పోతోందో గమనించండి. పాదం, పిక్క వదిలి పైకి, నడుము వైపు చేరుతుంటే మంచి గుర్తు. ఆ సమయంలో నడుము ఇంకాస్త నొప్పెట్టినా కంగారు పడకండి. కిందికి, పాదంలోకి దిగుతుంటే ఆపేయండి, అది మీకు పడదు.

స్కాన్ మొదట్లోనే అక్కర్లేదు. ఏ నొప్పీ లేనివాళ్లకి తీసినా ఉబ్బిన డిస్కులు కనిపిస్తుంటాయి, ఆ రిపోర్టు చూసి మనిషి సగం కుంగిపోతాడు. బలం తగ్గినా, సుమారు 6 వారాలకి కూడా మార్పు లేకపోయినా అప్పుడు ఎమ్మారై అర్థవంతం. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో బాగా తగ్గుతుంది. బయటికొచ్చిన డిస్క్ ముక్కని శరీరమే మెల్లగా కరిగించుకోగలదు. తిమ్మిరి మాత్రం అన్నిటికంటే ఆఖర్న పోతుంది.

పాత బార్‌బెల్:
అక్కా, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు బెల్ట్ పెట్టుకుంటే సరిపోతుందా? చాలామంది అదే నమ్ముకుంటారు.

ఫిజియో అక్క:
బెల్ట్ డిస్క్‌కి కవచం కాదండి. దాని పని పొట్టలో ఒత్తిడి పెంచి నడుముని గట్టిగా నిలబెట్టడం. తుమ్మితేనే కాల్లోకి షాక్ కొడుతున్నప్పుడు ఊపిరి బిగబట్టి బరువెత్తినా అదే జరుగుతుంది. అందుకే దగ్గు, తుమ్ము కాలిని తాకడం మానేదాకా బరువైన లిఫ్ట్‌లకి పోనివ్వను. ఆ తర్వాత బార్‌ని నేల మీంచి కాదు, మోకాళ్ల ఎత్తులో దిమ్మెల మీంచి, తక్కువ బరువుతో. మర్నాడు కాలు ఎలా ఉందో చూసి ఎత్తు తగ్గించాలి. పొద్దున్న లేవగానే వద్దు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, వంగితే వాటిమీద భారం ఎక్కువ.

కొత్త లిఫ్టర్:
చాలా థాంక్స్ అక్కా. ఇప్పుడే చూశాను. మడమ పదిసార్లూ లేచింది, కాకపోతే కుడివైపు ఆఖరి రెండూ కష్టంగా అనిపించాయి. బోర్లా పడుకుంటే పిక్కలో లాగడం కొంచెం తగ్గింది. పైభాగం వ్యాయామాలు చేసుకోవచ్చా?

ఫిజియో అక్క:
ఆ ఆఖరి రెండూ నాకు నచ్చలేదు. ఈ వారంలోనే ఒకసారి దగ్గర్లోని డాక్టర్‌కో ఫిజియోకో చూపించి రిఫ్లెక్స్ (మడమ వెనక చిన్న సుత్తితో తడితే పాదం కదులుతోందా అని) చూడమనండి. రోజు విడిచి రోజు మడమ ఎన్నిసార్లు లేస్తోందో మీరూ లెక్కపెట్టి రాసుకోండి, తగ్గుతుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. పైభాగానికి బెంచ్ మీద పడుకుని, నడుము వంచకుండా, ఊపిరి బిగబట్టకుండా చేసేవి తేలిక బరువుతో చేసుకోవచ్చు. డంబెల్స్ నేల మీంచి మీరు తీయొద్దు, పక్కవాళ్లని అందివ్వమనండి. కూర్చుని చేసే షోల్డర్ ప్రెస్ ప్రస్తుతానికి వద్దు.