అమరంలో ‘తైరపుష్పాత్’: ఆ అకారానికి అర్థమేమిటి?

పాతప్రతి: అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో, చెట్టుచేమల పేర్లు చెప్పే వనౌషధి వర్గంలోని ఒక పంక్తి కొన్నాళ్లుగా నోట్లో ఆడుతున్నది కానీ కుదురుకోవడం లేదు. “వానస్పత్యః ఫలైః పుష్పాత్ తైః పుష్పాద్వనస్పతిః” అని వస్తున్నది. అలాగైతే వానస్పత్యానికీ వనస్పతికీ భేదమే ఉండదు కదా?

ఛందోభ్రమ: మీరు చెప్పిన రెండవ పాదంలో ఏడక్షరాలే ఉన్నాయి, పాదానికి ఎనిమిదక్షరాలుండే అనుష్టుప్పు ఒప్పుకోదు. “తైరపుష్పాద్వనస్పతిః” అన్నది పాఠం. పూసి కాచేది వానస్పత్యం, పూయకుండా కాచేది వనస్పతి. మనువు కూడా “అపుష్పాః ఫలవంతో యే తే వనస్పతయః స్మృతాః” అన్నాడు.

మేడిచెట్టు: అకారం ఉన్నదని ఒప్పుకుంటాను, నా పేచీ దాని అర్థంతోనే. లేత మేడికాయను నిలువునా కోసి భూతద్దంతో చూస్తే లోపలి గోడనిండా చిట్టి పువ్వులు కిక్కిరిసి ఉంటాయి. కొన దగ్గరి సన్నని రంధ్రం గుండా దూరిన బుల్లి కందిరీగలు వాటికి పుప్పొడి అందిస్తాయి. కాబట్టి ‘అపుష్పం’ అంటే పువ్వు లేనిది కాదు, పువ్వు బయటికి కానరానిది. ‘అ’, ‘అన్’ చేర్చి లేదని చెప్పే నఞ్ సమాసానికి ‘అనుదరా కన్యా’ అన్నచోట, పొట్ట లేని పిల్ల అని కాక సన్నని పొట్ట గల పిల్ల అని, అల్పార్థం చెప్పుకోవడం లేదా? వేమన “పొట్ట విచ్చి చూడ పురుగులుండు” అన్నప్పుడు చూసినవి కూడా ఈ కీటకాలనే అని నా నమ్మకం.

ఛందోభ్రమ: ‘విచ్చి’ కాదు, ‘విప్పి’. గణాలకు రెండూ సరిపోతాయి కానీ, విచ్చడం కాయ తనంతట తాను చేసే పని. బూరుగు కాయ ఎండి విచ్చి దూది వదులుతుంది. మేడిపండు విచ్చదు, మనమే విప్పాలి. అన్నట్టు, మొదటి పాదాన్ని ‘మేలిమై యుండు’ అని ముగించేవారు చివరి ఇంద్రగణాన్ని చెడగొడుతున్నారు. ‘యుండును’ అని ఉండాలి.

మేడిచెట్టు: ‘కన్ను విచ్చి చూచె’ అనే ప్రయోగం మీ కంట పడలేదా?

పనసతొన: వేమనను కాసేపు విడిచిపెట్టండి. ‘కానరాని పువ్వు’ అన్న వాదం పనస దగ్గర చిక్కుల్లో పడుతుంది. ఒక్కొక్క తొన ఒక్కొక్క పువ్వు నుంచి వచ్చినది. గింజ కట్టని పువ్వులే తొనల మధ్య పీచుగా మిగిలిపోతాయి. అనేక పుష్పాలు కూడి ఒకే పండు కావడం మేడికీ పనసకూ ఉమ్మడి లక్షణమే అయినా, పనసపువ్వులు మేడిపువ్వుల మాదిరి లోపల దాగి ఉండవు. మరి దానిని ఏ పక్కన వేస్తారు?

శ్రీతాళం: ఆ తరువాతి పాదం ఇంకా ఇబ్బందికరమైనది. “ఓషధ్యః ఫలపాకాంతాః” (కాయలు పండడంతో అంతమయ్యేవి ఓషధులు) అన్న లక్షణాన్ని అక్షరాలా పాటిస్తే, దశాబ్దాలు పెరిగి ఒక్కసారే పూచి, కాయలు పండగానే చచ్చిపోయే శ్రీతాళ వృక్షం వరిపైరు సరసన ఓషధి అయిపోతుంది. ఒక్క ఫలలక్షణం మీద గీత గీస్తే ఇలాగే ఉంటుంది. సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ మద్దికాయకున్న ఐదు రెక్కలను చూసి ఆ చెట్లకు పెంటాప్టెరా (ఐదు రెక్కలది) అని పేరు పెడితే, తరువాతివారు వాటిని కరక, తాండ్ర చెట్లున్న టెర్మినేలియా ప్రజాతిలోనే చేర్చారు.

తేగలబుట్ట: పండు దగ్గరే ఆగిపోతే ఎలా? మొలకను చూడండి. చింతగింజ మొలిచినప్పుడు బద్దలు రెండూ నేల మీదికి లేస్తాయి. మామిడి బద్దలు టెంకలోనే ఉండిపోతాయి. తాటిటెంకకు బద్ద ఒక్కటే. దాని ఒక కొస బుర్రగుంజుగా లోపల ఉబ్బుతుంది, మరొక కొస నేలలోకి దిగి తేగను కడుతుంది. మొదట పైకి వచ్చే ఆకు కూడా విసనకర్ర ఆకారంలో ఉండదు, గడ్డిపరకలా సన్నగా ఉంటుంది. అమరసింహుడు తాళ, ఖర్జూరాదులను ‘తృణద్రుమాః’ (గడ్డిజాతి చెట్లు) అన్నది ఆ మొలకను చూసే అయి ఉండాలి.

ఛందోభ్రమ: అదే పట్టికలో కేతకి కూడా ఉన్నది. మొగలి పిలకలతో పెరిగే పొద. దాని గింజ మొలవగా చూసి పేరు పెట్టాడంటే నేను నమ్మను. ఆకు చూసి పెట్టి ఉంటాడు.

తేగలబుట్ట: ఆకును చూసే పెట్టాడంటే, గడ్డిపరకకూ పెద్ద తాటిమట్టకూ పోలిక ఎక్కడ ఉన్నదో సెలవియ్యండి.