ఖరీదైన చాకు పెట్టెలో ఉండాలా, జేబులో ఉండాలా?

నీలికొలిమి (చర్చ ప్రారంభం)

రెండేళ్ల కిందట టైటానియం పిడి ఉన్న మడతచాకు ఒకటి ఇష్టపడి కొనుక్కున్నాను. అలుగు ఎస్90వి ఉక్కుతో చేసినది. ఇప్పటిదాకా దానితో నేను కోసింది కాగితం ముక్కలే, అవి కూడా పదును ఎలా ఉందో చూడడానికి. పని పడినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే సొరుగులోని పాత చాకు మీదికి వెళ్తోంది. ఇప్పుడు ఒరలో పెట్టుకునే మడవని కత్తి కూడా ఒకటి కొనాలని ఉంది గాని, దాన్ని కూడా ఇలాగే దాచేటట్టయితే కొనడమే దండగ అనిపిస్తోంది. ఇలాంటి కత్తులను రోజూ వాడుతున్నవారు, కొన్నాళ్లు వాడి మానుకున్నవారు తమ అనుభవం చెప్పగలరు.

సానరాయి

దాచకండి, వాడండి. చాకుల తయారీదారు క్రిస్ రీవ్ తన మడతచాకుకు పెట్టిన 'సెబెంజా' అన్న పేరుకు జూలూ భాషలో 'పని' అని అర్థం. ఖరీదైన చాకుల్లో అంతగా పేరు పొందిన దానికి పెట్టిన పేరే అది అయినప్పుడు, అలాంటి చాకును పట్టుగుడ్డలో చుట్టి ఉంచడం దాన్ని గౌరవించడం అవుతుందని నేను అనుకోను. మీ ఉక్కు సంగతే తీసుకోండి. అందులో సుమారు 9 శాతం వనేడియం అనే లోహం ఉంటుంది. అది కర్బనంతో కలిసి, అలుగు నిండా కంటికి కనిపించని అతి గట్టి రేణువులుగా పరుచుకుంటుంది. అట్టపెట్టె చూడడానికి మెత్తగానే ఉంటుంది గాని, దానిలో కలిసిపోయిన సన్నని ఖనిజపు పొడి మామూలు వాదరను, అంటే అలుగు కోసే అంచును, గంటలోపే మొద్దుబారుస్తుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికే ఈ ఉక్కును తయారుచేశారు. కాగితం ముక్క కోసి మళ్లీ పెట్టెలో పెట్టేస్తే దాని సత్తా మీకు ఎన్నటికీ తెలియదు.

గిడ్డంగి మనిషి

పై మిత్రులు సగమే చెప్పారు. ఏ రేణువుల వల్ల ఆ వాదర అరగదో, సానకు లొంగకపోవడానికి కూడా అవే కారణం. ఆ రేణువులే వనేడియం కార్బైడు, అది మనం మామూలుగా వాడే అల్యూమినియం ఆక్సైడు సానరాళ్ల కంటే గట్టిది. ఆ రాళ్లమీద అరగంట రుద్దినా మెరుపే వస్తుంది గాని సరైన పదును రాదు. నేను పదకొండేళ్లు సరుకు విప్పే పనిలో ఉన్నాను. అలుగు మార్చుకునే కట్టరు ఒకటి జేబులో ఉంటే రోజు గడిచిపోతుంది. మొద్దుబారితే అలుగు మార్చేస్తాం, కట్టరే పోతే ఇంకొకటి తెచ్చుకుంటాం. పోయినా మనసు నొచ్చుకోని వస్తువునే నేను పనిముట్టు అంటాను. ఇక పెళుసుతనం సంగతి. నా దగ్గర ఒకప్పుడు ఇదే తరహా చాకు ఉండేది. ఒక పెట్టెకు కొట్టిన ఇనప పిన్ను తగిలి వాదరలో నువ్వుగింజంత ముక్క ఊడిపోయింది.

వాదర

వజ్రపు పొడి పూసిన పలకలు వాడితే ఎస్90వి కూడా పదునెక్కుతుంది. ఈ ఒక్క విషయంలో అంత వాదం అవసరం లేదు.

సానరాయి

వాదర గారు నేను చెప్పబోయిన మాటే చెప్పారు. మొద్దుబారేదాకా ఆగకుండా, పదును కాస్త తగ్గిందనిపించినప్పుడల్లా నాలుగైదు సార్లు వజ్రపు పలకమీద లాగితే చాలు. అంచుకు రెండోవైపు వేలు అడ్డంగా జరిపి చూస్తే సన్నని లోహపు పొర గీసుకున్నట్టు తగులుతుంది. అది కొసనుంచి మొదలుదాకా ఒకే తీరున తగిలిందంటే ఆ వైపు పని అయిపోయినట్టే. ఇక ఊడిన ముక్క గురించి ఒక మాట అడుగుతాను. పిన్ను తగిలినప్పుడు మీరు చేతిని తిన్నగా లాగారా, మెలితిప్పారా? కోతలో బలం ఒక్క దిక్కునే పడుతుంది. మెలితిప్పితే వాదర పక్కకు వంగాలి. ఇంత గట్టి ఉక్కు వంగదు కాబట్టి విరుగుతుంది. తప్పు ఉక్కుదని తేల్చేముందు దీన్ని కూడా ఆలోచించాలి.

గిడ్డంగి మనిషి

మెలితిప్పలేదు, తిన్నగానే లాగాను. వంద పెట్టెలు విప్పేవాడు ప్రతి పెట్టెలో పిన్ను ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోడు. పనివాడి చేతి వేగాన్ని తట్టుకోలేని వాదర ఎంత గొప్పదైతే నాకేం? మామూలు ఉక్కయితే వంగేది. వంగినదాన్ని సాన మీద సరిచేసుకోవచ్చు, ఊడిన ముక్కను తిరిగి అతికించలేం.

సానరాయి

తిన్నగా లాగితే అంత ముక్క ఊడదు. ఊడిందంటే, వాదర వెనక అలుగును అవసరానికి మించి పలచగా సాన పట్టించి ఉండాలి. ఎన్ని డిగ్రీల కోణంలో పట్టించారు?

ఒర కత్తి

ప్రశ్న వేసినవారు మడవని కత్తి గురించి కూడా అడిగారు, మీరిద్దరూ ఆ ఊసే ఎత్తలేదు. ఎనిమిదేళ్లుగా తోటపనికి, కొయ్యపనికి నేను వాడుతున్నది అదే. దానికి ఇరుసు ఉండదు, లాకు ఉండదు, మట్టి చేరే సందు ఉండదు. అలుగు ఉక్కే పిడి చివరిదాకా ఒకే ముక్కగా వస్తుంది కాబట్టి, కట్టెలో దిగబడినప్పుడు వెన్నుమీద మరో కట్టెతో కొట్టినా భయం లేదు. మడతచాకుతో ఆ పని చేస్తే ముందు పోయేది ఇరుసే. దీన్ని కొనేటప్పుడు అరుగుదల కన్నా దెబ్బకు ఓర్చే గుణం చూడండి. బయటికి తీసుకెళ్లేముందు మీరుండే చోట చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి.

గిడ్డంగి మనిషి

కోణం 15 డిగ్రీలో 20 డిగ్రీలో నేను కొలవలేదు, అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వాదరే. ఆ ముక్క ఊడాక చాకును తయారుచేసిన కంపెనీకే పంపాను. వాడినందువల్ల కలిగిన నష్టానికి తమ హామీ వర్తించదని ఒక్క ముక్కలో తేల్చేశారు. పని చేయడానికని అమ్మి, పని చేస్తే పూచీ లేదన్నారు.

సానరాయి

ఇక మొహమాటం లేకుండా చెబుతాను. ఈ వేదికలో ఏడాదిగా ఏ మంచి కత్తి ప్రస్తావన వచ్చినా మీరు ఆ నువ్వుగింజంత ముక్కనే పట్టుకు వస్తున్నారు. నా కత్తిని కూడా ఒక సానపట్టేవాడు యంత్రపు చక్రం మీద పెట్టి, అంచు నీలం రంగుకు తిరిగేదాకా కాల్చాడు. అంత వేడి తగిలితే ఉక్కు తన గట్టిదనం పోగొట్టుకుంటుంది. కాలిన మేరకు అరగదీసి, రెండు వారాలు శ్రమపడి సరిచేసుకున్నాను గాని కత్తిని తిట్టుకోలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వాదన.

మూడో అంతస్తు

దయచేసి ఇద్దరూ కాస్త శాంతించండి.

గిడ్డంగి మనిషి

శాంతంగానే రాస్తున్నాను. ఈ మాట ఇంతవరకు ఇక్కడ రాయలేదు. ముక్క ఊడాక ఆ చాకును నేను పారేయలేదు. వజ్రపు పలకలు కొని, ఆ నొక్కు పోయేదాకా అరగదీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. అంత ఇష్టం నాకు. ఒకరోజు నిచ్చెన మీద నిలబడి పైఅరలోని కట్టు విప్పుతుండగా చాకు జారింది. కింద సిమెంటు నేల. మొన విరుగుతుందన్న ఒక్క ఆలోచనే నా తలలో మెరిసింది, అది పూర్తయ్యేలోపే చెయ్యి వెళ్లి పట్టేసుకుంది. పిడిని కాదు, అలుగును. చూపుడువేలిని వంచే స్నాయువు తెగింది. కుట్లు పడ్డాయి, నెలలపాటు వ్యాయామాలు చేయించారు. ఈనాటికీ ఆ వేలు అరచేతిని తాకేంతగా వంగదు. కట్టరు అయ్యుంటే జారినది జారినట్టు పడనిచ్చి వెనక్కి తగ్గేవాణ్ని. ఉక్కు పెళుసా కాదా అన్న దానికన్నా, ఖరీదైన చాకు నా చేత ఏం చేయించిందన్నదే నా బాధ. అది నేరుగా చెప్పుకోలేక ఇన్నాళ్లూ ముక్క ఊడిన కథ చెబుతూ వచ్చాను.

సానరాయి

క్షమించండి. ఆ సామెత వాడవలసింది కాదు, వెనక్కి తీసుకుంటున్నాను. కోణం గురించి అడిగి అడిగి విసిగించినందుకు కూడా క్షమించండి. అయినా ఒక్క చోట మీతో ఏకీభవించలేను. పోయినా బాధలేని వస్తువుతో పని చేసినన్నాళ్లూ నా చేతికి జాగ్రత్త ఉండేది కాదు. ఎడమచేతి మీద ఉన్న మూడు గాట్లూ చవక కత్తుల వల్ల పడ్డవే. మొద్దుబారిన వాదరతో బలవంతంగా నెట్టబోయి జారి తెగినవి. దేన్నైతే పోగొట్టుకోలేనో దాన్ని చేతిలోకి తీసుకున్నాకే, కోసేదాని వెనక నా వేళ్లు ఎక్కడున్నాయో చూసుకోవడం అలవడింది. ఆ భయం మీ చేతిని కత్తి మీదికి పంపింది, నా చేతిని వెనక్కి లాగింది. రెండూ జరిగినవే కాబట్టి ఇందులో ఒకరిది తప్పని నేను అనలేను.

గిడ్డంగి మనిషి

ఆ మాట ఒప్పుకుంటాను. మొద్దుకత్తి ప్రమాదం అన్నది కూడా నిజమే. కానీ నీలికొలిమి గారిని ఒక్కటే అడుగుతున్నాను. ఇప్పుడు మీ చేతిలోంచి ఆ చాకు జారిపోతే మీరేం చేస్తారు?

నీలికొలిమి

రెండు రోజులుగా ఆ ప్రశ్న గురించే ఆలోచిస్తున్నాను. ఈ క్షణంలోనైతే పట్టుకోబోతాననే అనుకుంటున్నాను, అందుకు భయంగా కూడా ఉంది. అందుచేత నిచ్చెన ఎక్కే పనులకు, నిలబడి చేసే పనులకు పాత చాకునే వాడతాను. బల్ల ముందు కూర్చుని చేసే పనులన్నింటికీ ఇకనుంచి కొత్తదే. నిన్న దానితో మూడు అట్టపెట్టెలు చీల్చి మడతపెట్టాను. అంటుపట్టీ జిగురు అలుగు మీద మందంగా అంటుకుపోయింది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే, కింద వెంట్రుకవాసి గీతలు రెండు కనిపించాయి. పెద్దగా బాధ కలగలేదు. ఒర కత్తి గారూ, తోటపనికి మీరు చెప్పిన మడవని కత్తి అలుగు ఎంత మందం ఉంటే మంచిది?