బరంపురంలో హార్మోనియం మాస్టారి కచేరీ: వెళ్లినవాళ్లు, చూసినవాళ్లు రాయండి

గంజాం తెలుగోడు:
మొన్న ఆదివారం రాత్రి మన మాస్టారి కోసం శిష్యులంతా కలిసి బరంపురంలో పెట్టిన కచేరీకి వెళ్లొచ్చాను. ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది, పడుకుంటే నిద్ర పట్టలేదు, చెవుల్లో ఇంకా ఆ హార్మోనియమే మోగుతోంది. ఇంకెవరెవరు వచ్చారో, ఎవరికి ఏమనిపించిందో తెలుసుకోవాలని రాస్తున్నా. మాస్టారి పేరు మాత్రం రాయకండి, ఆరోగ్యం సంగతులు కూడా వస్తాయి కాబట్టి వద్దని వాళ్లమ్మాయి అడిగారు. మాస్టారు అంటే చాలు, తెలిసినవాళ్లకి తెలుసు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. సోంపేట, ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి, ఈ చుట్టుపక్కల నలభై ఏళ్లపాటు పద్యనాటకం ఎక్కడ ఆడినా హార్మోనియం మీద ఆయనే. పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, స్థిరపడింది ఒడిశాలో ఉన్న ఈ బరంపురంలో. మూడేళ్ల కిందట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. చేయించుకున్న రోజు నీరసంతో మంచం దిగలేరు, అందుకే ఆదివారం చూసి పెట్టారు.

నాటకంలో హార్మోనిస్టు ఎక్కడ కూర్చుంటారో మీకు తెలుసు కదా. స్టేజీకి ఓ మూల, సగం సైడు తెర చాటున. కృష్ణుడి మీద పడే లైటు ఆయన మీద పడదు. మొన్న మాత్రం హార్మోనియం నట్టనడుమ పెట్టి, పాడేవాళ్లందరినీ అటూ ఇటూ నిలబెట్టారు. తెర లేవగానే అది చూసి నాకు గొంతు పట్టేసింది. నలభై ఏళ్లలో ఆయన ముఖం మీద అంత వెలుగు పడటం నేను చూడలేదు.

బాహుదా ఒడ్డు:
మేం ఇచ్ఛాపురం నుంచి తొమ్మిదిమంది ఒక టాటా మ్యాజిక్ బండి మాట్లాడుకుని వెళ్లాం. మాకు బరంపురం పాతిక కిలోమీటర్లే కదా, ఆరింటికల్లా హాల్లో ఉన్నాం. ముందు వరసలో చోటు దొరికింది కాబట్టి దగ్గర్నుంచి చూశాను, అది రాస్తాను.

మాస్టారి ఎడమ చేతికి డయాలసిస్ కోసం ఫిస్ట్యులా వేశారు. మణికట్టు పైన రెండు రక్తనాళాలు కలిపి కుట్టారట, అక్కడ తాడులా ఉబ్బి ఉంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, గంటలకొద్దీ హార్మోనియం తిత్తి ఆడించడం అసలు వద్దన్నారట. మరి వాయించేదెలా? ఆయన మనవరాలు, పదమూడు పద్నాలుగేళ్లుంటాయేమో, హార్మోనియం వెనకాల మోకాళ్ల మీద కూర్చుని తిత్తి ఆడించింది. ఆయన కుడిచెయ్యి హార్మోనియం మెట్ల మీద, ఎడమచెయ్యి ఒళ్లో. మొదటి రెండు నిమిషాలు పాపకి అంతు చిక్కలేదు, గాలి ఎక్కువైతే స్వరం అరుస్తోంది, తక్కువైతే మూలుగుతోంది. ఆయన ఏమీ అనలేదు. పాప వైపు చూస్తూ తను ఊపిరి తీసి వదలడం మొదలుపెట్టారు. భుజాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. పాప అది కనిపెట్టి ఆయన ఊపిరితోపాటే తిత్తి ఆడించింది. అంతే, కల్యాణి రాగం అలా వచ్చి హాలంతా పరుచుకుంది. నా పక్కన కూర్చున్న మా పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

తబలా తమ్ముడు:
ఆదివారం పక్కన తబలా వాయించింది నేనే. పై పోస్టులో మీరు చెప్పిన ఊపిరి సంగతి స్టేజీ మీద కూర్చున్న నేను గమనించలేదు, నా ధ్యాసంతా ఆయన వేళ్ల మీదే. థాంక్స్ అమ్మా (అన్నా? హ్యాండిల్ చూసి పోల్చలేకపోతున్నాను, ఏమనుకోకండి).

నేను చెప్పాలనుకున్నది వేరే. హార్మోనియం మెట్ల వాద్యం. వీణలో తీగ లాగినట్టు, వయొలిన్‌లో వేలు జార్చినట్టు ఇందులో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చడం, పలకదు. ఈ కారణంతోనే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దగ్గరికి రానివ్వలేదు. శాస్త్రీయం వాళ్లు ఇప్పటికీ చాలామంది దాన్ని చిన్నచూపే చూస్తారు. నాటకానికి మాత్రం అదే ప్రాణం. ఎందుకంటే నాటకంలో నటుడు ఐదున్నర శ్రుతిలో, అంటే బాగా పై శ్రుతిలో ఎత్తుకుని, పద్యం చివర రాగం తీస్తూ తీస్తూ ఎక్కడికి పోతాడో అతనికే తెలియదు. ఆ రాగం తెగకుండా కింద నిలబెట్టేది హార్మోనియమే. మాస్టారు నటుడి వెనకాల పోరు, అరక్షణం ముందుంటారు. గొంతు పట్టు తప్పబోతుంటే ఆ స్వరం ముందే వేసి ఉంచుతారు, నటుడు వచ్చి దాని మీద వాలతాడు. జనం వన్స్ మోర్ అంటారు. ఆ వన్స్ మోర్ నటుడికే పోతుంది.

ఆదివారం రాయబారం పద్యాలు పాడిన పెద్దాయనకి డెబ్బై దాటాయి. రెండో పద్యంలో రాగం మధ్య గొంతు జారింది, నాకు గుండె ఆగినంత పనైంది. మాస్టారు ఆ పై షడ్జం (పై స) మీద వేలు నొక్కి అలాగే ఉంచేశారు. పెద్దాయన ఒక్క గుక్క గాలి తీసుకుని మళ్లీ అందుకున్నారు. హాల్లో సగంమందికి తెలియను కూడా తెలియదు.

కవిటి కొబ్బరితోట:
నేనూ వచ్చాను. అందరూ బాగుందనే రాస్తున్నారు, బాగుంది, కాదనను. నాకు కష్టం కలిగించినవి రెండున్నాయి, అవి కూడా రాయాలి.

మా నాన్నగారిని ఇదే జబ్బుతో నాలుగేళ్లు తిప్పాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, మా వైపు ఈ జబ్బు లేని వీధి లేదు. నీళ్లంటారు, ఎండలో పని అంటారు, మందులంటారు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. అంతకు ముందు మా నాన్నగారిని తెల్లారగట్ల నాలుగింటి బస్సుకి విశాఖ తీసుకెళ్లేవాళ్లం. కాబట్టి ఈ రోగి ఎంతసేపు కూర్చోగలడో నాకు తెలుసు. పాట మొదలయ్యే ముందు నలభై నిమిషాలు ఉపన్యాసాలు, శాలువా మీద శాలువా, మెడనిండా దండలు. మాస్టారు ఆ బరువుకి ముందుకి వంగిపోయారు. నిర్వాహకులు మంచివాళ్లే, మంచి మనసుతోనే చేశారు, కానీ ఆ నలభై నిమిషాలూ ఆయన దాచుకున్న ఓపికలోంచే పోయాయి.

రెండోది, ఎవరో అభిమానంతో కొబ్బరి బొండం కొట్టి గ్లాసులో పోసి స్టేజీ మీదికి పంపారు. డయాలసిస్ వాళ్లకి కొబ్బరినీళ్లు విషంతో సమానం, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. వాళ్లమ్మాయి పరుగెత్తుకొచ్చి గ్లాసు తీసేశారు. కొబ్బరితోటల్లో పుట్టిన మనిషి ఆ గ్లాసు వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. మాస్టారిని చూడటానికి వెళ్లేవాళ్లకి దండం పెట్టి చెప్తున్నా, బొండాలు, అరటిపళ్లు, జీడిపప్పు, ఊరగాయ, అప్పడాలు ఏవీ పట్టుకెళ్లకండి. నీళ్లు కూడా రోజుకి కొలతే. చేతులూపుకుంటూ వెళ్లి పక్కన కూర్చుని ఓ పద్యం పాడి రండి, అది చాలు.

గంజాం తెలుగోడు:
కొబ్బరితోట గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. శాలువాల పని చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. వరసగా ఇంతమంది వస్తారని అనుకోలేదు, ఎవరినీ వద్దనలేకపోయాం. తప్పు మాదే. బొండం సంగతి ఇప్పుడే తెలిసింది, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి.

సూరత్‌లో బరంపురం:
నమస్తే. నేను సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తాను, మా షెడ్డులో సగంమంది గంజాం వాళ్లే. ఫోనులో లైవ్ చూశాను. నెట్ నాలుగుసార్లు తెగింది, పాప తిత్తి ఆడించే ముక్క సగమే వచ్చింది, పై పోస్టు చదివాకే మిగతాది అర్థమైంది. నేను ఒడియా మీడియంలో చదివాను, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, ఇది కూడా ఫోనుకి నోటితో చెప్పి రాయిస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మాది బరంపురం దేరా వీధి దగ్గర. ఠాకురాణి అమ్మవారి జాతర రెండేళ్లకోసారి వస్తుంది కదా, ఆ రోజుల్లో ఒక రాత్రి మా వీధిలో నాటకం వేసేవాళ్లు. నాకు ఏడేళ్లప్పుడు హార్మోనియం పక్కనే చాప మీద పడుకుని నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి కాటి సీను నడుస్తోంది, నా మీద మాస్టారి కండువా కప్పి ఉంది. ఆయన రెండు చేతులూ పనిలో ఉన్నాయి, మరి ఎప్పుడు కప్పారో. నాకొచ్చిన తెలుగు బడిలో నేర్చుకున్నది కాదు, ఆ పద్యాలు విని విని వచ్చిందే. లైవ్ అయ్యాక షెడ్డు బయట కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను, మా అమ్మకి ఒక పద్యం పాడి వినిపించాను. సగం దాకా వచ్చింది.

పర్లాకిమిడి పాతకాపు:
బాబూ, ఆ కండువా మాట చదివి నా కళ్లు తడిశాయి. నాకిప్పుడు 71 ఏళ్లు. కచేరీకి రాలేకపోయాను, మోకాళ్లు సహకరించలేదు. పాత సంగతులు రెండు చెప్తాను.

మీరంతా చేతి హార్మోనియమే చూసి ఉంటారు. మా రోజుల్లో మాస్టారు వాయించింది కాలి హార్మోనియం. కింద రెండు పెడళ్లు, కాళ్లతో తొక్కుతూ ఉంటే రెండు చేతులూ మెట్ల మీదే ఉండేవి, కుడిచేత్తో రాగం, ఎడమచేత్తో కింది స్థాయి. అందుకే సూరత్ అబ్బాయి రెండు చేతులూ పనిలో ఉన్నాయన్నమాట సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు కాళ్లకి నీరు దిగుతోందని విన్నాను, ఇక పెడళ్లు తొక్కడం ఎక్కడిది.

నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే చిన్న రైలు ఉండేది కదా, 1900లో మొదలైన బండి. నాటకం జట్టంతా అందులోనే వచ్చేవాళ్లు. కిరీటాల పెట్టె, గదలు, తెరలు అన్నీ బ్రేకు వేన్‌లో వేసేవాళ్లు కానీ హార్మోనియం మాత్రం మాస్టారు తన పక్కనే పెట్టుకునేవారు. ఒకసారి వానాకాలంలో పెట్టె తడిసి రీడ్లు (లోపల స్వరం పలికే రేకులు) పట్టేశాయి. ఆ రాత్రి నాటకం ఉంది. మా ఇంటి వంటింట్లో పొయ్యికి రెండు గజాల దూరంలో హార్మోనియం విప్పి, రీడు రీడూ మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టారు. మా అమ్మ వంట మానేసి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. తొమ్మిదింటికి నాటకం మొదలైంది. తెల్లారాక ఆ నాటకం కాంట్రాక్టరు నటులకి డబ్బిచ్చి, హార్మోనియానికి వచ్చేసారి చూద్దాం అన్నాడు. మాస్టారు మారు మాట్లాడకుండా పెట్టె ఎత్తుకుని స్టేషనుకి నడిచారు. ఆ వచ్చేసారి రానే లేదు. నాకు ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు.

జైపూర్ టీచరమ్మ:
ఒడియా గాయకుడి గురించి ఎవరూ రాయలేదేం? నాకైతే అది గొప్పగా అనిపించింది. మాస్టారి దగ్గర పదేళ్లు నేర్చుకున్న ఒడియా అబ్బాయి, గంజాం కవి కట్టిన చంపూ, అంటే ఒడియా పాటల వరస, అందులోంచి పాడాడు. అందులో ఒక్కో పాటా ఒక్కో అక్షరంది, ఆ పాటలో పాదాలన్నీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి, అలా క నుంచి క్ష దాకా. మా క్లాసులో పిల్లలకి ఇది చెప్తే ఎంత సంబరపడతారో. ఒడిస్సీ పాటకి తెలుగు నాటకం హార్మోనియం ఎలా అతుకుతుందా అని టెన్షన్ పడ్డాను. మాస్టారు పూర్తిగా తగ్గించేశారు, పద్యాలకి వేసినట్టు పరుగులు లేవు, ఒక్కో స్వరం ఆనించి వదిలారు. పాట అయ్యాక ఆ అబ్బాయి వంగి కాళ్లకి దండం పెడితే ఆయన కుడిచెయ్యి అతని తల మీద పెట్టి ఒడియాలో ఏదో అన్నారు. మైకులో వినపడలేదు. తబలా తమ్ముడూ, మీకు వినిపించిందా?

తబలా తమ్ముడు:
వినిపించిందండీ. "తిన్నావా?" అని అడిగారు. అందరికీ మొదట అడిగేది అదే.

బాహుదా ఒడ్డు:
అమ్మా అనే పిలవండి తమ్ముడూ, నేను ఆడదాన్నే. చదివింపుల గురించి ఒక్క మాట. పాత నాటకాల్లోలాగే పాట పాటకీ మధ్య చదివింపులు చదివారు, వచ్చిందంతా డయాలసిస్ ఖర్చుకి. హాలు బయట రిక్షా ఆపుకున్న ఒక ముసలాయన లోపలికొచ్చి యాభై రూపాయలు ఇచ్చి, పేరు వద్దు, "ఒక రిక్షావాడు" అని చదవమన్నాడు. చదివినాయన గొంతు అక్కడ ఆగిపోయింది. మాస్టారు ఆ యాభైకి హార్మోనియం మీద చిన్న స్వరం వేసి జవాబిచ్చారు. పెద్ద పెద్ద మొత్తాలకి వేయలేదు.

తబలా తమ్ముడు:
నిన్న మంగళవారం డయాలసిస్‌కి నేనే తీసుకెళ్లాను, అందరూ అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. నాలుగు గంటలు పట్టింది, బీపీ పడలేదు, అలసట ఉంది కానీ మనిషి హుషారుగా ఉన్నారు. సూదులు గుచ్చకముందు నన్ను పిలిచి, "ఇక్కడ వేలు పెట్టరా" అని ఫిస్ట్యులా చూపించారు. వేలు ఆనిస్తే లోపల రక్తం గుర్రుమని అదురుతోంది, తంబూరా బుర్ర మీద చెయ్యి పెట్టినట్టు. "ఇది ఏ శ్రుతో చెప్పు" అన్నారు. నేను చెప్పలేకపోయాను. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు, చెవితో కాదు, వేలితో. తర్వాత మంచం పక్క ఇనుప కడ్డీ మీద కుడిచేతి వేళ్లు ఆడించుకుంటూ పడుకున్నారు. నర్సమ్మ చెయ్యి కదపకండి అనబోయి, అది కుడిచెయ్యి అని చూసి ఊరుకుంది.

ఒక పని ఉంది. మాస్టారి దగ్గర పాత నాటకాల రికార్డింగు ఒక్కటీ లేదు. ఎవరి దగ్గరైనా కేసెట్లు ఉంటే చెప్పండి, కంప్యూటరులోకి ఎక్కించే మనిషి దొరికాడు.

పర్లాకిమిడి పాతకాపు:
నా దగ్గర పద్నాలుగు ఉన్నాయి. అట్టపెట్టెలో కట్టి అటక మీద పెట్టాను, కొన్నింటికి బూజు పట్టింది. చిన్నగా తుడవమంటారా, ముట్టుకోకుండా ఉంచమంటారా?

తబలా తమ్ముడు:
ముట్టుకోకండి పెదనాన్నగారూ, ప్లేయరులో కూడా పెట్టకండి, టేపు తెగిపోతుంది. శనివారం పొద్దున్న బండి మీద వస్తాను, అటక కూడా నేనే ఎక్కుతాను.