అప్‌డేట్: షుగర్ స్కల్ మేకప్ ఈసారి పగల్లేదు!

పోయిన వారం అడిగాను కదా, షుగర్ స్కల్‌లా, అంటే రంగుల పంచదార పుర్రెలా కనపడాలని ముఖానికేసిన తెల్లరంగు గంటకే బీటలు వారుతోంది, ఏం చేయాలని. అమెరికాలో, శాన్ ఆంటోనియోలో మా పక్కింటి మెక్సికన్ ఆంటీ నవంబర్ 2న, చనిపోయినవాళ్ల పండుగకి పిలిచారు. దానికోసమే ఈ తంటా.

తప్పు నాదే. గోడకి సున్నం కొట్టినట్టు ఒకేసారి మందంగా పట్టించాను. ఈసారి మీరు చెప్పినట్టే నీళ్లతో కలిపే ఫేస్ పెయింట్ తీసుకుని, తడి స్పాంజిని గట్టిగా పిండి, రుద్దకుండా అద్దాను. రెండే పల్చటి పూతలు, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. పైన పౌడర్. కళ్ల చుట్టూ ముందు పెన్సిల్‌తో గుండ్రంగా గీసుకుని, తర్వాత నలుపు నింపి, అంచున పూరేకులు వేశా. పెదాల మీద పుర్రె పళ్లలా గీసే గీతల దగ్గరే దెబ్బతిన్నా. పెదాలు బిగించి గీస్తే, వదిలేసరికి అన్నీ వంకర! మామూలుగా ఉంచి గీయాలి.

"దెయ్యం వేషమేగా" అన్నవాళ్లకి: కాదండీ. నవంబర్ 1 పోయిన పిల్లల కోసం, 2 పెద్దల కోసం. పంచదారతో చేసిన పుర్రెల నుదుట పేర్లు రాసి, పోయినవాళ్ల ఫొటోల దగ్గర పెడతారు. అందుకే నెత్తుటి మరకల ఆలోచన మానేసి, నుదుట బంతిపూలు గీశా. బంతి అసలు మెక్సికో వైపు మొక్కట, ఇన్నాళ్లూ మన గుమ్మాలదే అనుకున్నా.

తెలుపు సబ్బునీళ్లకే పోయింది. కళ్ల నలుపు మాత్రం కొబ్బరినూనెకి కూడా పూర్తిగా లొంగలేదు. మర్నాడు ఆఫీసులో అందరూ ఒకటే అడగడం, నిద్రపోలేదా అని.